ప్రైమరీ బడిలో కౌన్సిలర్‌గా చేరారా? జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఏం చేయాలంటే

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు కౌన్సిలర్‌గా చేస్తున్నాను. చేరిన మొదటి వారం ఒక మూడో తరగతి పిల్లవాడు వరండాలో నన్ను ఆపి "మ్యామ్, మీరు ఏ సబ్జెక్టు?" అని అడిగాడు. ఏ సబ్జెక్టూ కాదురా అన్నాను. "మరి మీకు జీతం ఎందుకిస్తారు?" అన్నాడు. వాడికి సరైన జవాబు చెప్పగలగడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఈ ఏడు తెలిసిన తెలుగమ్మాయిలు ఇద్దరు ఇక్కడి బళ్లలో ఇదే ఉద్యోగంలో చేరి "అక్కా, అసలు రోజంతా ఏం చేయాలి?" అని ఫోన్ చేశారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీకు ఒక గది ఇస్తారు, తలుపుకు బోర్డు పెడతారు, కానీ మీ పనిలో ముప్పాతిక భాగం ఆ గది బయటే ఉంటుంది. ఆరేళ్ల పిల్ల తనంతట తాను వచ్చి "నాకు కౌన్సెలింగ్ కావాలి" అనదు. ఆ పిల్ల మీ తలుపు తట్టాలంటే అంతకు ముందే మీరు ఆ పిల్ల కంటికి పది సార్లు కనపడి ఉండాలి, గేటు దగ్గర, టిఫిన్ బ్రేక్‌లో, వ్యాన్ల దగ్గర.

బడి తెరవక ముందు వారం

ఇక్కడ రాష్ట్ర సిలబస్ బళ్లు మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో తెరుస్తారు. టీచర్లు పిల్లల కంటే కొన్ని రోజులు ముందే వస్తారు కదా, ఆ రోజుల్లోనే మూడు పనులు తెముల్చుకోండి, తర్వాత ఊపిరాడదు.

ఒకటి, హెచ్ఎం గారితో కూర్చుని ఏది మీ పని, ఏది కాదు అన్నది కాగితం మీద రాయించుకోండి. టీచరు రాని క్లాసులోకల్లా మిమ్మల్ని తోలడం మొదలైతే ఏడాదంతా అదే పని అవుతుంది. నెలకు రెండు మూడు సార్లయితే ఒప్పుకోండి, ఆ పీరియడ్‌లో పిల్లలను గమనించొచ్చు, మీకూ లాభమే. కానీ శిక్ష వేసే పని మాత్రం నెత్తిన వేసుకోవద్దు. నా మొదటి ఏడు టీచర్లు "ఇంకోసారి అల్లరి చేశావంటే కౌన్సిలర్ మ్యామ్ దగ్గరికి పంపిస్తా" అని బెదిరించేవాళ్లు, నేనేమో కొత్త కదా అని ఊరుకున్నాను. మూడు వారాలు తిరిగేసరికి పిల్లలు నా గదిని ఇంజెక్షన్ గది చూసినట్టు చూడటం మొదలుపెట్టారు. ఆ పేరు పోగొట్టుకోవడానికి రోజూ ఇద్దరు బుద్ధిమంతులను పిలిచి క్రేయాన్లు సర్దించుకోవడం, చార్టులు అతికించుకోవడం లాంటి పనులు చేయించాను. "అక్కడికి మంచివాళ్లు కూడా వెళ్తారు" అని పిల్లల్లో పాకడానికి సంక్రాంతి వచ్చింది.

రెండు, అడ్మిషన్ ఫారాలు ముందేసుకుని ఒక పాత లెడ్జర్ పుస్తకంలో మీకు కావాల్సింది మాత్రం దించుకోండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ ఎవరి దగ్గర ఉంటోంది, సాయంత్రం ఎవరు తీసుకెళ్తారు, మూడేళ్లలో ఎన్ని బళ్లు మారింది, ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉన్నాయా. ఇంతే. మా బడిలో దాదాపు 600 మంది పిల్లలు, నేను ఒక్కదాన్ని. అమెరికాలో స్కూల్ కౌన్సిలర్ల సంఘం 250 మందికి ఒకరు ఉండాలని చెప్తుంది, అక్కడే చాలాచోట్ల అది కుదరడం లేదు, ఇక మన సంగతి చెప్పేదేముంది. కాబట్టి మొదటి నెలలో ఎవరి మీద ఒక కన్నేసి ఉంచాలో ఈ పుస్తకమే చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు, ఈ మధ్యే ఇంట్లో ఎవరో పోయినవాళ్లు, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుతున్నవాళ్లు, వీళ్ల పేర్ల పక్కన నేను నీలం చుక్క పెట్టుకుంటాను.

మూడు, బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించండి: పిల్లల హెల్ప్‌లైన్ 1098, పోలీసు, అంబులెన్సు అన్నిటికీ 112, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, మీ ఏరియా పోలీస్ స్టేషన్ నంబరు, దగ్గర్లోని పిల్లల డాక్టరు నంబరు. అవసరం పడినప్పుడు చేతులు వణుకుతాయి, ఫోన్‌లో వెతుక్కునే ఓపిక ఉండదు.

జూన్: గదికి తాళం వేసి గేటు దగ్గర నిలబడండి

మొదటి రెండు వారాలు పొద్దున బడి మొదలవక ముందు అరగంట, సాయంత్రం వదిలేటప్పుడు అరగంట గేటు దగ్గరే. ఒకటో తరగతి పిల్లలు కొందరు ఏడుస్తారు, అది మామూలే. వాళ్లకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది గ్రిల్ పట్టుకుని వెళ్లకుండా నిలబడే అమ్మానాన్నలు. వాళ్లకు ఇలా చెప్పండి: "దాక్కుని వెళ్లిపోవద్దండీ, అట్లా చేస్తే రేపు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చెప్పి వెళ్లండి, ఎప్పుడొస్తారో కూడా చెప్పండి, కానీ ఒక్కసారే చెప్పండి, మళ్లీ వెనక్కి తిరగొద్దు." మూడు గంటలకు వస్తాను అంటే ఆ వయసుకు అర్థం కాదు, "అన్నం తిని, ఆడుకుని, బెల్లు కొట్టాక వస్తాను" అంటే అర్థమవుతుంది. ఏడ్చే పిల్లకు చేతిలో ఒక పని పెట్టండి, హాజరు పట్టీ పట్టుకెళ్లడమో, ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించడమో. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా రోజూ వాంతి చేసుకునేంత ఏడుపు ఉంటే మాత్రం అది వేరే కథ, ఇంట్లోవాళ్లతో కూర్చోవాల్సిందే.

ఇదే నెలలో ప్రతి సెక్షన్‌కీ 20 నిమిషాలు వెళ్లి మీరెవరో చెప్పుకోండి. నేను ఇలా చెప్తాను: "మోకాలికి దెబ్బ తగిలితే ఆయమ్మ దగ్గరికి వెళ్లి మందు రాయించుకుంటారు కదా. మనసులో దిగులుగా ఉన్నా, భయంగా ఉన్నా, కోపం ఆగకపోయినా నా దగ్గరికి రావచ్చు. నేను మార్కులు వేయను, తిట్టను." ఆ తర్వాత ఇంకో మాట తప్పకుండా చెప్పాలి, చాలామంది ఇదే మర్చిపోతారు: "మీరు చెప్పింది నేను ఊరికే అందరికీ చెప్పను, కానీ మిమ్మల్ని ఎవరైనా బాధ పెడుతున్నారని తెలిస్తే మాత్రం మిమ్మల్ని కాపాడటానికి పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది." ఈ మాట జూన్‌లో చెప్పి ఉంటే నవంబరులో ఏ పిల్లా "మీరు చెప్పనన్నారు కదా" అని మిమ్మల్ని చూసి ముఖం తిప్పుకోవడం ఉండదు.

భాష సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మా బడిలో ఒకే బెంచీ మీద అపార్ట్‌మెంట్ పిల్లా, ఆ అపార్ట్‌మెంట్ పక్కనే కట్టే బిల్డింగులో పనిచేసే వాళ్ల పిల్లా కూర్చుంటారు, ఇద్దరి ఇంట్లోనూ తెలుగే. అనంతపురంలోనో కర్నూలులోనో రెండో తరగతి చదివి ఇక్కడికి వచ్చినవాడికి కన్నడ అక్షరం సగం తెలిసినట్టే ఉంటుంది, తలకట్టు దగ్గర తేడా కొట్టి అన్నిటికీ ఎర్ర ఇంటూలు పడతాయి. "తెలివి తక్కువ" అని ఎవరో అంటారు. మాట్లాడని పిల్లలు కూడా వస్తారు, రెండు మూడు నెలలు నోరు విప్పరు, ఇంట్లో మాత్రం వసపిట్టలే. కొత్త భాషలో పడ్డ పిల్ల కొన్నాళ్లు మౌనంగా వినడం మామూలే, దాన్ని వెంటనే జబ్బు చేయకండి. ఇంట్లో కూడా మాట తగ్గిందా, బడిలోనేనా అన్నది కనుక్కోండి. ఒక పిల్లతో నేను రోజూ భోజనాల దగ్గర "ఊట ఆయ్తా?" అని అడిగేదాన్ని, ఆ పిల్ల తల ఊపేది. ఆగస్టులో ఒకరోజు "ఆయ్తు, నిమ్దు?" అంది. నాది అయిందా అని నన్ను తిరిగి అడిగిందన్నమాట. ఆ రోజు నేను నిజంగా తినలేదు, అది వేరే విషయం.

ఇంటి భాషలో ఒక్క మాట మాట్లాడితే పిల్ల కరిగిపోతుంది, నిజమే, కానీ అందరి ముందూ తెలుగు పిల్లలతో తెలుగులో గుసగుసలాడకండి. హిందీ, తమిళం, ఒడియా మాట్లాడే పిల్లలు చూస్తుంటారు.

జూలై, ఆగస్టు: క్లాసు పాఠాలు, పెట్టె, కడుపునొప్పి

ప్రతి సెక్షన్‌కీ పదిహేను రోజులకోసారి ఒక అరగంట అడగండి. మోరల్ సైన్స్ పీరియడ్ అయితే టీచర్లు సులువుగా ఇస్తారు, లెక్కల పీరియడ్ అడిగితే ఎవరూ ఇవ్వరు. ఒకటి రెండు తరగతులకు భావాల పేర్లు చెప్పండి. మన పిల్లలకు "బాగుంది, బాలేదు" తప్ప మాటలుండవు. దిగులు, ఉక్రోషం, అసూయ, సిగ్గు, బెంగ, ఇన్ని మంచి మాటలు మన భాషలో ఉన్నాయి, ఒక్కో మాటకు ఒక ముఖం గీయించండి. మూడు నుంచి ఐదు తరగతులకు కోపం వస్తే ఏం చేయాలి, ఆటలోకి రానివ్వకపోతే ఏం చేయాలి, ఎవరైనా ఏడిపిస్తుంటే చూసేవాడు ఏం చేయాలి అన్నవి ఆడించి చూపండి. ఊపిరి కసరత్తు చేయించాలంటే "దీర్ఘ శ్వాస" అనకండి, చేతి వేళ్లు ఐదు పుట్టినరోజు కొవ్వొత్తులు, ఒక్కోదాన్నీ నెమ్మదిగా ఊదు అనండి. ఊదిన వేలు ముడవాలి. కోపంలో ఉన్నప్పుడు నేర్పితే ఎక్కదు, నవ్వుతూ ఉన్నప్పుడే నేర్పాలి.

ఒంటిని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అన్న పాఠం ఆగస్టులోపే అయిపోవాలి. దీన్ని "మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ" అని కాకుండా సురక్షితం, సురక్షితం కాదు అని చెప్పండి. చెడ్డ అన్న మాట వినగానే పిల్లలు తామే చెడ్డ పని చేశామనుకుంటారు. ఒంటి భాగాలకు సరైన పేర్లు చెప్పండి. "రహస్యంగా ఉంచు" అని ఎవరైనా పెద్దవాళ్లు అంటే అదే చెప్పాల్సిన విషయమని చెప్పండి. ఆ పాఠానికి ముందు అమ్మానాన్నలకు ఒక ఉత్తరం పంపించండి, లేకపోతే మర్నాడు గేటు దగ్గర గొడవ. పాఠం చెప్పిన రోజు మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోకుండా గదిలోనే ఉండండి, ఎవరైనా ఒకరు వస్తారు.

మెట్ల కింద తాళం వేసిన పెట్టె ఒకటి పెట్టండి. రాయడం రాని పిల్లల కోసం పక్కనే మూడు ముఖాలు గీసిన చీటీలు ఉంచండి, పేరు, సెక్షన్ రాసి ఒక ముఖానికి సున్నా చుడితే చాలు. నూటికి తొంభై "నా ఎరేజర్ తీసుకున్నాడు" అన్నవే వస్తాయి. వాటికి కూడా జవాబివ్వాలి. ఎరేజర్ గురించి చెబితే పట్టించుకున్నారని తెలిస్తేనే పిల్లలు పెద్ద విషయం చెప్తారు.

ఇక కడుపునొప్పి. సోమవారం పొద్దున రెండో పీరియడ్‌లో వచ్చే కడుపునొప్పిని అబద్ధమని కొట్టిపారేయకండి, టెన్షన్ పడితే పిల్లలకు నిజంగానే నొప్పి పుడుతుంది. ముందు ఆయమ్మకు చూపించండి, తర్వాత టీచరును మూడే ప్రశ్నలు అడగండి: ఎప్పుడు వస్తోంది, దానికి ముందు ఏం జరుగుతోంది, వచ్చాక పిల్లకు ఏం దొరుకుతోంది. వారం రోజులు రాసిపెట్టమనండి. రెండో తరగతి పాప ఒకతె రోజూ భోజనం తర్వాత ఏడ్చేది, టీచరు "ఇంట్లో ఏదో గొడవ ఉంది మ్యామ్" అని పంపింది. నేను నాలుగు రోజులు బొమ్మలు గీయించాను, కుటుంబం బొమ్మ, ఇల్లు బొమ్మ, అన్నీ చక్కగా గీసింది. ఐదో రోజు తనతో పాటు వరండాలో నడుస్తుంటే తెలిసింది, అమ్మాయిల బాత్రూములో ఒకదానికి గడియ పడదు, ఎవరో తలుపు తోశారు, అప్పటి నుంచి పాప బడిలో వెళ్లడమే మానేసి సాయంత్రం దాకా ఓర్చుకుంటోంది. కావాల్సింది కౌన్సెలింగ్ కాదు, వడ్రంగి. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి సోమవారం బాత్రూము గడియలు నేనే వేసి చూస్తాను, మీరూ చూడండి.

ఒక్కరితో మాట్లాడేటప్పుడు

పిల్లను క్లాసులోంచి పిలిపించే ముందు టైమ్‌టేబుల్ చూడండి. పీటీ పీరియడ్‌లో, డ్రాయింగ్ పీరియడ్‌లో పిలిస్తే జన్మలో క్షమించరు. లెక్కలంటే పారిపోయే పిల్లను లెక్కల పీరియడ్‌లో పిలిస్తే వారానికి మూడు సార్లు "దిగులుగా ఉంది మ్యామ్" అని వస్తుంది. అందరి ముందూ పేరు పెట్టి పిలవకుండా, మీరే వెళ్లి "నాకు చిన్న సాయం కావాలి" అని తీసుకురండి.

ఎదురెదురుగా కాకుండా పక్కన కూర్చోండి. చేతికి మట్టిముద్దో, క్రేయానో ఇవ్వండి, చేతులు కదులుతుంటే నోరు కదులుతుంది. "ఎందుకు చేశావ్" అని అడగకండి, ఆ ప్రశ్న ఇంట్లో తిట్టే ముందు వినే ప్రశ్న. "ఏం జరిగింది? ఆ తర్వాత?" అనండి, అంతే. చెప్పినదాన్ని వాళ్ల మాటల్లోనే తిరిగి అనండి. మౌనం వస్తే ఓర్చుకోండి, నాకైతే ఇది నేర్చుకోవడమే కష్టమైంది, మన ఇళ్లలో ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడకపోతే "ఏమైంది, ఏమైంది" అని పది మంది అడుగుతారు. చిన్న పిల్లలకు 20 నిమిషాలు చాలు. చివర్లో "ఇప్పుడు నేను ఫలానా పని చేస్తాను, మళ్లీ గురువారం కలుద్దాం" అని చెప్పి మీరే క్లాసు దాకా దిగబెట్టండి, ఏడ్చిన కళ్లతో ఒంటరిగా పంపకండి. తలుపుకు అద్దం ఉండాలి, లేకపోతే ఓరగా తెరిచి ఉంచాలి, ఇది మీ మంచికీ, పిల్ల మంచికీ.

రాసుకునేటప్పుడు చూసింది వేరే, మీరనుకున్నది వేరే రాయండి. "తల్లి పట్టించుకోదు" అని రాయకండి, "ఈ వారం మూడు రోజులు టిఫిన్ డబ్బా తేలేదు" అని రాయండి. పుస్తకం తాళం వేసిన బీరువాలోనే ఉండాలి. టీచర్ల వాట్సాప్ గ్రూపులో పిల్లల పేరు ఎత్తనే ఎత్తకండి. నేను ఒకసారి ఒక అబ్బాయి ఇంట్లో అమ్మానాన్న విడిగా ఉంటున్నారన్న సంగతి స్టాఫ్ రూములో, జాలితోనే, ఒక టీచరుకు చెప్పాను. వారం తిరగకుండా అది క్లాసులో ఇంకో పిల్ల నోట వచ్చింది. ఆ అబ్బాయి ఆ ఏడంతా నాతో మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు, వాడిది తప్పు అని నేనెప్పుడూ అనుకోలేదు.

పిల్ల ఒంటి మీద జరిగిన దారుణం చెబితే

ఇది ఏ నెలలోనైనా రావచ్చు, అందుకే విడిగా రాస్తున్నాను. పిల్ల చెప్తున్నప్పుడు మీ ముఖం మారకూడదు. వినండి. "నువ్వు చెప్పడం మంచి పని, ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. వివరాలు తవ్వకండి, "ఆ అంకులేనా? ఇక్కడేనా?" అని మీరు పేర్లు అందించకండి, మళ్లీ మళ్లీ చెప్పించకండి, టీచరును పిలిచి "మ్యామ్‌కు కూడా చెప్పు" అనకండి. పిల్ల వెళ్లిన వెంటనే ఆ పిల్ల వాడిన మాటలనే, తేదీ, టైముతో రాయండి.

పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు గానీ, పిల్లల కోసం ఉన్న ప్రత్యేక పోలీసు యూనిట్‌కు గానీ చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు, తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదని కూడా ఆ చట్టంలోనే ఉంది. "బడి పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అని ఎవరైనా, ఎంత పెద్దవాళ్లైనా అంటే ఈ సెక్షన్ నంబర్లు చెప్పండి, గొంతు పెంచాల్సిన పని లేదు. నిజమా కాదా తేల్చడం మీ పని కాదు, తెలియజేయడం మీ పని. 1098కి ఫోన్ చేస్తే ఏం చేయాలో దారి చెప్తారు. ఇంట్లోవాళ్లు భయపడుతుంటే, పోలీసులు పిల్ల మాటను ఇంటి దగ్గరే తీసుకోవచ్చని, వీలైనంత వరకు మహిళా అధికారే యూనిఫాం లేకుండా రావాలని చట్టంలో ఉందని చెప్పండి, చాలామందికి ఇది తెలియదు. పిల్ల పేరు ఎవరికీ తెలియకూడదు.

అన్నట్టు, బడిలో కొట్టడం కూడా విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధమే, మనసు గాయపరిచేలా వేధించడం కూడా. స్కేలు దెబ్బ మీ కంట పడితే చూడనట్టు పోకండి. ఆ టీచరుతో విడిగా మాట్లాడండి, మళ్లీ జరిగితే హెచ్ఎంకు రాసివ్వండి. స్నేహాలు కొన్ని పోతాయి.

సెప్టెంబరు, అక్టోబరు: చిన్న గుంపులు, దసరా సెలవులు

ఈపాటికి ఎవరికి ఏం కావాలో తెలుస్తుంది. ఒకే రకం ఇబ్బంది ఉన్న నలుగురైదుగురిని కలిపి వారానికి ఒకసారి, ఆరు వారాలు కూర్చోబెట్టండి. స్నేహితులు దొరకనివాళ్లు, త్వరగా చెయ్యి లేపేవాళ్లు, కొత్తగా ఊరు మారినవాళ్లు. ఒక్క జాగ్రత్త, చెయ్యి లేపే ఐదుగురినీ ఒకే గుంపులో వేస్తే అది గుంపు కాదు, కుస్తీ గోదా. ఓపికగా ఉండే ఇద్దరిని కలపండి, వాళ్లకు కూడా అది ఇష్టంగానే ఉంటుంది. ఇంట్లోవాళ్ల అనుమతి ముందే తీసుకోండి.

దసరా సెలవులకు ఊరెళ్లిన పిల్లల్లో కొందరు తిరిగి రారు. బిల్డింగు పని అయిపోయి అమ్మానాన్న ఇంకో చోటుకు మారిపోతారు. బడి తెరిచిన మూడో రోజే రాని పిల్లల లిస్టు తీసి ఫోన్లు చేయండి. పది ఫోన్లలో ఒక్క పిల్ల తిరిగొచ్చినా చాలు, రానివాళ్లకు కనీసం టీసీ తీసుకుని అక్కడి బడిలో చేర్చమని చెప్పే వీలుంటుంది.

నవంబరు: పీటీఎం (పేరెంట్స్-టీచర్స్ మీటింగ్), అమ్మానాన్నలతో మాట్లాడటం

అమ్మానాన్నలను పిలిపించారంటే వాళ్లు తలుపు దగ్గరే భయపడుతూ వస్తారు. ఒక నాన్న పని బట్టలతోనే వచ్చి కుర్చీ అంచున కూర్చుని "ఏం మేడమ్, మా వోడు ఏమన్నా చేసినాడా?" అన్నాడు. ఏమీ చేయలేదన్నా, వాడి గురించి రెండు మంచి మాటలు చెప్దామని పిలిచాను అన్నాను. నమ్మలేదు. మంచి మాటలు నిజంగానే రెండు చెప్పాను, వాడు చెట్ల పేర్లన్నీ చెప్తాడు, ఒంటరిగా తినే పిల్లవాడి పక్కన వెళ్లి కూర్చుంటాడు. ఆ తర్వాతే అక్షరాల సంగతి ఎత్తాను. "నాకు మాదిరే మొద్దు నా కొడుకు" అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు.

చదువుకున్న ఇళ్లలో ఇంకో రకం. "మా బాబుకు పిచ్చి అంటున్నారా?" అని నిలదీస్తారు, లేదంటే ఇంటర్నెట్‌లో చదివి జబ్బు పేరు వాళ్లే తెస్తారు. రెండింటికీ ఒకటే మందు, పేరు పెట్టకండి. మీరు డాక్టరు కాదు. "వాడికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టుంది" అని (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోయే ఇబ్బందికి డాక్టర్లు పెట్టే పేరు అది) మీ నోట రాకూడదు. "పది నిమిషాలకు మించి కూర్చోలేకపోతున్నాడు, మూడు నెలలుగా చూస్తున్నాం, ఇంట్లో ఎట్లా ఉంటాడు?" అని అడగండి. తల్లి ఒక్కతే వస్తే తప్పంతా తన మీద వేసుకుంటుంది, వీలైతే తండ్రినీ రమ్మనండి. అత్తగారు వస్తే ఆవిడ మాట కూడా వినండి, చాలా ఇళ్లలో పిల్లను సాయంత్రం చూసుకునేది ఆవిడే. ఒక్కటే పని చెప్పి పంపండి, ఐదు చెబితే ఒక్కటీ చేయరు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి బిడ్డ మాట వినమంటే చాలు.

చదువులో వెనకబడ్డ పిల్లలకు ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. బోర్డు కనపడక వెనకబడిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ప్రతి ఏడూ దొరుకుతారు. అవి బాగానే ఉండి, ఇంటి భాషలో తెలివిగా మాట్లాడుతూ, చదవడం రాయడం మాత్రమే ఆగిపోతే అప్పుడు అసెస్‌మెంట్‌కు పంపాలి. అక్షర ఇబ్బందిని (డిస్లెక్సియా అంటారు) మామూలుగా ఎనిమిదేళ్లు దాటాక గానీ ఖాయంగా చెప్పరు, కానీ సాయం చేయడానికి అప్పటి దాకా ఆగక్కర్లేదు. మనకు హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్యానికి పెద్ద ఆసుపత్రి నిమ్‌హాన్స్ ఉంది, అక్కడ పిల్లలకు విడిగా విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లమని, రోజంతా పడుతుందని, పాత నోటుబుక్కులు, మార్కుల కార్డు పట్టుకెళ్లమని చెప్పండి. టీచరు గమనించినవి ఒక పేజీలో రాసి కవరులో పెట్టివ్వండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లో మాత్రమే వచ్చే ఇబ్బంది) కూడా ఉంది, కాబట్టి అది ఉందని డాక్టర్ల కాగితం వస్తే పరీక్షల్లో సదుపాయాలు అడగొచ్చు. కాగితం రాకముందే ముందు బెంచీలో కూర్చోబెట్టడం, బోర్డు మీదిది తక్కువ దించుకోనివ్వడం లాంటివి చేయొచ్చు, దానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి

యాన్యువల్ డే ప్రాక్టీసులతో బడి గందరగోళంగా ఉంటుంది, మీ పీరియడ్లు ఎవరో ఒకరు లాగేసుకుంటారు, పోట్లాడకండి. డాన్సులోకి తీసుకోని పిల్లల దగ్గర కూర్చోండి, అప్పుడు మీ పని అదే. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినవాళ్లలో ఒకరిద్దరి తాతో నానమ్మో పోయి ఉంటారు. "దేవుడి దగ్గరికి వెళ్లారు", "నిద్రపోయారు" అన్న మాటలు చిన్నపిల్లలను భయపెడతాయి, రాత్రి పడుకోవడానికే జంకుతారు. "తాత ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక తిరిగి రాడు, నీకు బెంగగా ఉంటుంది" అని నెమ్మదిగా చెప్పొచ్చు. క్లాసు పిల్లలకు కూడా ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే "గుండు ఎందుకు చేయించుకున్నావ్" అని ఆ పిల్లవాడిని నవ్వులపాలు చేస్తారు.

మార్చి, ఏప్రిల్: ఐదో తరగతివాళ్లు, అప్పగింతలు

ఐదో తరగతి పిల్లలు ఇక్కడ పెద్దన్నలు, ఆరులో మళ్లీ చిన్నవాళ్లు. మార్చి మొదట్లో వాళ్లను ఆరో తరగతి వరండాలోకి తీసుకెళ్లండి, సబ్జెక్టుకో టీచరు వస్తారని, బాత్రూములు ఎక్కడున్నాయో, అన్నం ఎక్కడ తింటారో చూపించండి. ఆరో తరగతి పిల్లలతోనే చెప్పిస్తే ఇంకా మంచిది, మనం చెప్పని సంగతులు వాళ్లు చెప్తారు. వేరే బడికి మారే పిల్లలుంటే "అక్కడ ఎవరితో మొదట మాట్లాడతావ్, ఏమని?" అని ఒకసారి ఆడించి చూడండి.

నీలం చుక్క పేర్లకు ఒక్కోదానికి మూడు వాక్యాల నోటు రాసి వచ్చే ఏడు క్లాసు టీచరుకు చేతికివ్వండి, ఏది పనిచేసిందో మాత్రమే రాయండి: "కిటికీ పక్కన కూర్చోబెడితే నెమ్మదిస్తుంది" ఇట్లా. ఇంటి సంగతులు అందులో వద్దు. మీ ఏడాది లెక్క కూడా ఒక పేజీ హెచ్ఎంకు ఇవ్వండి, ఎన్ని క్లాసులు, ఎన్ని గుంపులు, ఎంతమందితో విడిగా మాట్లాడారు, ఎంతమందిని డాక్టరు దగ్గరికి పంపారు. వచ్చే జూన్‌లో సబ్‌స్టిట్యూషన్ పీరియడ్ల గొడవ వచ్చినప్పుడు ఈ పేజీయే పనికొస్తుంది.

సెలవులకు ముందు రోజు మెట్ల కింది పెట్టెను తప్పకుండా తెరిచి చూడండి. పోయిన ఏడు నేను ఆఖరి రోజు హడావిడిలో మర్చిపోయి ఇంటికి బయల్దేరి, ఆటోలో మారతహళ్లి దాకా వెళ్లాక గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. లోపల నాలుగు చీటీలు. మూడు ఎరేజర్లవే. నాలుగోది ఒకటో తరగతి పిల్లది, ఏడుపు ముఖానికి సున్నా చుట్టి ఉంది, పేరుంది, సెక్షన్ ఉంది. ఆఫీసు మూయక ముందే ఫోన్ నంబరు తీసుకుని ఇంటికి చేశాను.